బిగినింగ్ అని పేరు పెట్టినంత మాత్రాన ముందు చూడాలా?

ప్రశ్న: రురౌని కెన్షిన్ అనే జపాన్ సమురాయ్ సినిమాలు ఐదు ఉన్నాయి కదా, ప్రీక్వెల్ (ముందుకథ) అయిన ‘ద బిగినింగ్’ ముందు చూడాలా, చివర చూడాలా? అన్నిటికన్నా అదే గొప్పదంటున్నారు, నిజమేనా?

చివర చూడాలి. అదే గొప్పదన్నది కూడా నిజమే. మీ ప్రశ్నకి జవాబు ఇంతే. ఇక్కడి నుంచి మా మావయ్య గురించి చెబుతాను, తీరిక ఉంటే చదవండి. దాచాల్సిన మలుపులు కూడా చెప్పేస్తాను కాబట్టి, ఒక్కటి కూడా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది.

అసలు ఈ గందరగోళానికి కారణం పేర్లే. 2012లో మొదటి సినిమా వచ్చింది. 2014లో నెలన్నర తేడాతో రెండు, 2021లో మళ్లీ నెలన్నర తేడాతో రెండు. అన్నిటికీ దర్శకుడు కెయిషి ఓతోమో, హీరో తకేరు సాతో. నాలుగోదాని పేరు ‘ద ఫైనల్’, దాని తర్వాత వచ్చిన ఐదోదాని పేరు ‘ద బిగినింగ్’. ఇది చాలదన్నట్టు 2012 సినిమా చివర్లో వచ్చే పాట పేరు కూడా ‘ద బిగినింగ్’. వన్ ఓకే రాక్ అనే బ్యాండు పాడింది. ఇన్ని బిగినింగులు పెడితే మామూలు మనిషి ఏది ముందు చూడాలని తేల్చుకుంటాడు?

మా మావయ్య కూడా తేల్చుకోలేకపోయాడు. ఆయనది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు పల్లె, కమ్మరి పని. ముప్పై ఐదేళ్లు సమ్మెట ఎత్తిన భుజం ఇప్పుడు పైకి లేవనంటోంది. ఫిజియోథెరపీ కోసమని రెండేళ్ల కిందట హైదరాబాద్ వచ్చి పది రోజులు మా ఇంట్లో ఉన్నాడు. కొలిమి దగ్గర తప్ప కాలు నిలవని మనిషి ఫ్లాట్‌లో ఏం చేస్తాడు? రిమోట్ పట్టుకున్నాడు.

ఒక ఆదివారం పొద్దున నేను వంటింట్లో ఉప్మా కలుపుతుంటే హాల్లోంచి కేకలు, కత్తుల మోత. వెళ్లి చూస్తే చేతులు వెనక్కి కట్టేసి ఉన్న ఒక కుర్రాడు కత్తిని పళ్లతో కరిచి పట్టుకుని గదినిండా మనుషుల్ని నరుకుతున్నాడు. ద బిగినింగ్ మొదటి సీను. నా గుండె జారిపోయింది. అప్పటికి నేను ఐదూ వరుసగా చూసి ఉన్నాను. ఎవరికైనా వాటిని చూపించే అదృష్టం దక్కితే ఎలా చూపించాలో మనసులో ఒక పథకం కూడా వేసుకున్నాను. అదంతా ఉప్మాలో పోయింది.

“మావయ్యా, ఆపు. ఇది చివర చూడాల్సింది.”

“బిగినింగ్ అంటే మొదలు అనేగా అల్లుడూ. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వచ్చు.”

ఆపలేదు. ఆ రోజు మా టీవీలో తెలుగు డబ్బింగ్ కనిపించలేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆయన చదివేలోపు మారిపోతాయి. దాంతో రెండు గంటల పైగా నేను పక్కన కూర్చుని బుర్రకథలో వంతగాడిలా ప్రతి మాటా తెలుగులో చెప్పుకొచ్చాను. సినిమాని నిజంగా పట్టించుకుని చూడాలంటే ఇంతకన్నా మంచి మార్గం లేదని ఆ రోజే తెలిసింది. మా ఆఫీసులో ఒకాయన సినిమాలన్నీ ఒకటిన్నర స్పీడులో చూస్తాడు. పైగా ఈ ఐదోది ల్యాగ్ అని నాకే చెబుతాడు. వేగం పెంచి చూసినవాడికి నిదానం గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది?

కథ 1864 నాటి క్యోటోలో మొదలవుతుంది. షోగున్ ప్రభుత్వాన్ని, అంటే అప్పటి సైనిక పాలనని, కూల్చాలని చోషూ సంస్థానం వాళ్లు చూస్తుంటారు. వాళ్ల నాయకుడు కత్సురా కొగోరో చరిత్రలో నిజంగా ఉన్న మనిషి. ఆయన చెప్పినవాళ్లనల్లా రాత్రిళ్లు చంపి వచ్చేది ఈ కుర్రాడు కెన్షిన్. ఇది చెప్పగానే మావయ్య, “అంటే పెద్దోళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు, పిల్లోడు పోయి నరికొస్తాడు. ఎక్కడైనా అంతే లేరా” అన్నాడు. ఈ సిరీస్ మీద ఇంత పొట్టి సమీక్ష నేనెక్కడా చదవలేదు.

తర్వాత తోమోయే వస్తుంది. కసుమి అరిమురా వేసింది. చీకటి సందులో కెన్షిన్ ఒకణ్ని చంపుతాడు, ఆ రక్తం ఆమె ముఖం మీద పడుతుంది. ఆమె అరవదు, పారిపోదు. రక్తవర్షం కురుస్తుందంటారు, మీరు నిజంగానే కురిపించారు అన్నట్టు ఒక్క మాట అని పడిపోతుంది. అక్కడి నుంచి మావయ్య ప్రశ్నలు తగ్గాయి. నగరం తగలబడ్డాక ఇద్దరూ భార్యాభర్తలమని చెప్పుకుని ఓత్సు దగ్గర పల్లెకి వెళ్లిపోతారు. కూరగాయలు పండించుకుంటారు, అతను మందులు అమ్ముతాడు. చంపడం తప్ప ఏమీ తెలియనివాడు మట్టిలోంచి ముల్లంగి పీకి చూసుకుంటుంటే మావయ్య ఉన్నట్టుండి నా చేతిమీద తట్టాడు.

“ఇక్కడితో ఆపేద్దాం అల్లుడూ. బాగున్నారు కదా.”

మిగతా నాలుగు సినిమాల్లో ఒక్కటీ చూడని మనిషి అన్న మాట అది. నా వాదనకి ఇది దెబ్బే, ఒప్పుకుంటాను. అయినా ఆపలేదు, ఈసారి నేనే ఆపనివ్వలేదు. మంచులో చివరి పోరాటం వచ్చింది. చూపు మసకబారి, చెవులు సరిగా వినపడని స్థితిలో కెన్షిన్ కత్తి విసిరితే, అడ్డు వచ్చిన తోమోయే కూడా ఆ దెబ్బకే పోతుంది. నేను చెప్పడం మానేశాను. చెప్పడానికి అక్కడ మాటల్లేవు కూడా. మావయ్య లేచి బాల్కనీలోకి వెళ్లి బీడీ వెలిగించుకున్నాడు. ఉప్మా చల్లారిపోయింది, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇక నా మొండితనం వినండి. ఇదే సినిమాని ‘ద ఫైనల్’ తర్వాత చూస్తే నొప్పి వేరేగా ఉంటుంది. ఫైనల్‌లో తోమోయే తమ్ముడు ఎనిషి పగ తీర్చుకోవడానికి వస్తాడు. మకెన్‌యు వేశాడు, ఈ సిరీస్‌లో ఫైట్ల కోసమే కట్టినట్టున్న ఒళ్లంటే అతనిదే. తన భార్యని తన చేత్తోనే చంపానని కెన్షిన్ అక్కడే అందరికీ చెబుతాడు. అది తెలిసి ద బిగినింగ్‌కి వస్తే ప్రతి చిన్న వస్తువూ గుచ్చుకుంటుంది. ఆమె ఒంటిమీది తెల్ల ప్లమ్ పూల వాసన, రోజూ రాసుకునే డైరీ, మొదట్లో కెన్షిన్ చేతిలో చచ్చిపోయే ఆ కాపలా కుర్రాడు... అన్నీ. ఆ కుర్రాడు ఆమెని పెళ్లి చేసుకోవాల్సినవాడు. కెన్షిన్ చెంప మీద మొదటి గీత అతను పెట్టిందే, దాన్ని అడ్డంగా కోసే రెండో గీత ఆమెది. ఇవేమీ తెలియకుండా చూసినవాళ్లకి సగం సినిమా మామూలు ప్రేమకథలా సాగుతుంది, మిగతా సగం అర్థమయ్యేసరికి అయిపోతుంది. ఎనిషి కోపం అర్థం కావాలంటే బిగినింగే ముందు చూడాలని వాదించేవాళ్లు ఉన్నారు. అక్కని చంపినవాడి మీద తమ్ముడికి కోపం ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి వేరే సినిమా కావాలా?

అసలు ఈ పద్ధతి మనకి కొత్తేమీ కాదు. ‘ఇంద్ర’లో చిరంజీవి కాశీలో టాక్సీ నడుపుకుంటూ అందరికీ నమస్కారం పెడుతుంటే, వెనక ఏదో పెద్ద కథ ఉందని మనకి ముందే తెలుసు. దానికోసమే ఎదురుచూస్తాం. ఆ ఫ్లాష్‌బ్యాక్‌ని మొదటి రీల్లోనే వేసేస్తే ఆ నమస్కారానికి విలువుంటుందా? మనవాళ్లు ఇంటర్వెల్ దాకా దాచేదాన్ని ఓతోమో తొమ్మిదేళ్లు దాచాడు. పూర్తిగా కాదులెండి, ముక్కలు ముక్కలుగా చూపిస్తూనే ఉన్నాడు. 2012 సినిమా మొదలయ్యేది షోగున్ సేనలు ఓడిపోయిన 1868 తోబా-ఫుషిమి యుద్ధంతో. ఐదో సినిమా తిరిగి తిరిగి చివరికి ఆ యుద్ధం దగ్గరికే చేరుతుంది. పాము తోకని నోట్లో పెట్టుకున్నట్టు చక్రం పూర్తవుతుంది. ఐదోది ముందు చూసినవాళ్లకి ఈ ముడి పడదు.

పడదనే అనుకున్నాను. మర్నాడు మావయ్యకి 2012 సినిమా పెట్టాను. కథ 1878కి వస్తుంది, ఎర్ర జుట్టు బైరాగిలా కెన్షిన్ ఊళ్లు తిరుగుతుంటాడు. ఎవరేమన్నా నవ్వుతాడు, దెబ్బలు తింటాడు, బట్టలు ఉతుకుతాడు. మావయ్య టీవీకి దగ్గరగా జరిగి చాలాసేపు చూశాడు.

“ఈ నవ్వేవాడు నిన్నటి పిల్లోడేనా? ఎవరు నేర్పార్రా వీడికి నవ్వడం?”

దీనికి నా దగ్గర సమాధానం లేదు. నేను మొదటిసారి ఆ సినిమా చూసినప్పుడు ఆ నవ్వు హీరో స్టైల్ అనుకున్నాను, అంతే. మావయ్యకి మాత్రం అది ఒక రాత్రంతా మంచులో కూర్చుని వచ్చినవాడి నవ్వు. సరే, ఆయన ఇనుము కొట్టి బతికిన మనిషి, మినహాయింపు. మీరు మాత్రం విడుదలైన వరుసలోనే చూడండి.

సబ్‌టైటిల్స్ మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. పాత రోజుల్లో కెన్షిన్ తన గురించి ‘ఒరె’ అంటాడు, ‘నేను’ అని మొరటుగా. తర్వాతి కాలంలో ‘సెస్షా’ అంటాడు, అది తనని తాను తగ్గించుకుని చెప్పే పాతకాలపు సమురాయ్ మాట. వాక్యం చివర ‘దె గొజారు’ అని కలుపుతాడు. మనిషి ఎంత మారాడో ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇంగ్లీషులో రెండూ ఒకటే అయిపోయాయి. నేను మాత్రం మావయ్యకి “ఈ దీనుడు వచ్చాడండీ” అంటూ చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. భోజనం దగ్గర కూడా “ఈ దీనుడికి ఇంకాస్త పప్పు” అని అడిగాడు.

అయితే ఆ సినిమాలో ఆయన్ని పట్టేసింది కెన్షిన్ కాదు, అతని కత్తి. 1876లో కత్తులు పెట్టుకు తిరగడాన్ని ప్రభుత్వం నిషేధించింది, అయినా వీడి నడుముకి ఒకటి ఉంటుంది. దానికి పదును తిరగేసి ఉంటుంది. కొట్టేవైపు మొద్దు, తనవైపు అంచు. ఇక ఎవరినీ చంపనని ఒట్టు పెట్టుకున్నవాడి కత్తి. అందరూ ఆహా అనే చోట మావయ్య పెదవి విరిచాడు.

“ఇది నిలవదు. అంచు గట్టిగా ఉంటుంది, గట్టిది పెళుసుగానూ ఉంటుంది. వీపుతో బాదినకొద్దీ అదురంతా పోయి ఆ అంచులో కూర్చుంటుంది. ఏదో ఒక రోజు పుటుక్కుమంటుంది చూడు.”

“సినిమా కదా మావయ్యా.”

“సినిమా అయితే ఇనుము ఇనుము కాకుండా పోద్దా?”

మూడో రోజు 2014లో వచ్చిన మొదటిది పెట్టాను, అంటే క్యోటో వెళ్లే కథ. ఫైట్లలో ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఫైట్ మాస్టర్ కెంజి తానిగాకి హాంకాంగ్‌లో ఫైట్ల హీరో డోనీ యెన్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. గాలిలో తేలడాలు పెద్దగా ఉండవు, నేలకి ఆనుకుని పరిగెత్తడం ఉంటుంది. సిగరెట్ కాల్చే పోలీసు సైతో హజిమే నిజంగా బతికిన మనిషని, షిన్‌సెన్‌గుమి అనే షోగున్ పక్షపు దళంలో ఉండి తర్వాత పోలీసుల్లో చేరాడని చెబితే మావయ్య నమ్మలేదు. దాని తర్వాత వచ్చే మూడో సినిమా గురించి ఎక్కువ చెప్పను. సగం సినిమా గురువు దగ్గర శిక్షణతో గడిచిపోతుంది. ఆఓషి అనే పాత్ర ఎందుకు తిరుగుతున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. కాలుతున్న ఓడ మీద షిషియో అనే విలన్‌తో ఫైట్ వచ్చేదాకా ఓపిక పట్టండి.

క్యోటో కథలో సోజిరో అనే నవ్వు ముఖం కుర్రాడు ఉంటాడు, కామికి ర్యునోసుకే వేశాడు. అతనితో తలపడినప్పుడు కెన్షిన్ కత్తి విరిగిపోతుంది.

మావయ్య నొప్పి భుజాన్ని కూడా మరిచిపోయి రెండు చేతులూ పైకెత్తాడు. “చెప్పానా! చెప్పానా లేదా!” పక్క ఫ్లాట్ వాళ్లు క్రికెట్ మ్యాచ్ అనుకుని ఉంటారు. సరిగ్గా అప్పుడే బస్సుకి టైమైంది. బ్యాగు సర్దుకుంటూ కూడా ఏ చోట విరిగిందో వేలితో గాలిలో గీసి చూపించాడు.

వారం తర్వాత ఫోన్ చేశాడు. భుజం సంగతి అడిగితే దాటేశాడు.

“ఆ కత్తి విరిగింది కదా, తర్వాత ఏం చేశాడురా?”

చెప్పాను. దాన్ని చేసిన అరాయ్ షాక్కు అనే ముసలి కమ్మరి అప్పటికే పోయాడని. బతికినంతకాలం మనుషుల్ని చంపే కత్తులే చేసి, చివరికి ఈ తిరగేసిన కత్తి చేశాడని. అలాంటిదే ఇంకొకటి గుడిలో పెట్టి వెళ్లాడని, కెన్షిన్‌కి అది దొరుకుతుందని. కొడుకు మాత్రం యుద్ధానికి కత్తులు చేయనంటాడని.

అవతల కొంచెంసేపు మాట లేదు, కొలిమి తిత్తి చప్పుడు మాత్రం వినిపించింది.

“ఆ ముసలాయన మీద తీయలేదా ముందుకథ?”

“లేదు మావయ్యా.”

“మరి ఎవరి మీద తీశారు?” అన్నాడు విసుగ్గా, అదేదో నా తప్పయినట్టు.