ఎలెన్ వైట్‌ను ప్రవక్త్రిగా నమ్మకపోతే అడ్వెంటిస్టు సంఘంలో చేరకూడదా?

సెవెంత్-డే అడ్వెంటిస్టు అనే క్రైస్తవ శాఖ బాప్తిస్మ ప్రమాణంలో 13 అంశాలుంటాయి. ప్రవచన వరం శేషసంఘానికి (అంత్యకాలంలో దేవునికి నమ్మకంగా మిగిలే సంఘానికి) ఒక గుర్తు అని నమ్ముతున్నట్టు అందులో ఒప్పుకోవాలి. దర్శనాలు చూశానని చెప్పిన సంఘ స్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ (1827–1915) పేరు మాత్రం అక్కడ కనబడదు. మూడే ప్రశ్నలున్న పొట్టి ప్రమాణం కూడా ఉంది. అది తేలికనుకుంటారు గానీ మెలిక అక్కడే: అందులో మూల విశ్వాసాలను అంగీకరిస్తున్నారా అని అడుగుతారు. ఆ 28 విశ్వాసాల్లో 18వది ప్రవచన వరాన్ని ఆమె పేరుతో సహా ప్రకటిస్తుంది. అంటే పేరు దొడ్డిదారిన వచ్చినట్టే!

మోర్మన్ సంఘంలో ఈ దాగుడుమూతలు లేవు. బాప్తిస్మానికి ముందు జరిగే ఇంటర్వ్యూలో, ఆ సంఘ ప్రస్తుత అధ్యక్షుడు దేవుని ప్రవక్త అని నమ్ముతున్నారా అని సూటిగా అడుగుతారు. రోజువారీ నడిపింపే ఆయనది కాబట్టి అక్కడ ఆ ప్రశ్న సబబే.

అడ్వెంటిస్టుల విషయంలో మాత్రం షరతు పెట్టకూడదనే నా అభిప్రాయం. తన దర్శనాల గురించి ఇంకా తేల్చుకోలేని వాళ్ల నడత సవ్యంగా ఉంటే సంఘ హక్కులు తీసేయొద్దని 1860లలో ఎలెన్ వైటే రాసింది. తెలిసి తెలిసీ వ్యతిరేకంగా ప్రచారం చేసేవాళ్ల సంగతి వేరు.

సందేహముంటే బాప్తిస్మ తరగతుల్లోనే పాస్టర్‌కు చెప్పండి. సభ్యులుగా చేర్చుకునేది స్థానిక సంఘం ఓటుతోనే. నీళ్లలో దిగాక బయటపడితే గొడవ ముదురుతుంది.