ముందు ఒక వారం కొలిచి చూడండి: అనంతపురం నుంచి నా అనుభవం

"పర్యావరణానికి హాని తగ్గించడానికి మామూలు మనిషి రోజూ ఏం చేయగలడు? ఒక్క ఇల్లు మారితే తేడా ఉంటుందా?" అన్నది ఇక్కడ అడిగిన ప్రశ్న. నేను డిప్లొమా చదివి, ఇరవై రెండేళ్లుగా అనంతపురంలో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసే, అంటే కొత్త రాగి తీగ చుట్టే షాపు నడుపుతున్నాను. నా జవాబు ఆ షాపులోనూ మా ఇంటి వంటగదిలోనూ నేర్చుకున్నదే.

గుడ్డసంచి పట్టుకెళ్లండి, మొక్కలు నాటండి, లైట్లు ఆర్పండి అనే సలహాలు మీరు ఇప్పటికే విని ఉంటారు. అవి తప్పని నేను అనను. అయితే అన్ని ఊళ్లకూ ఒకే వరుస పనికిరాదని మాత్రం గట్టిగా నమ్ముతాను. ఒక వారం పాటు మీ ఇంట్లోంచి ఏమేం ఎంతెంత బయటికి పోతోందో కొలిచి రాసుకోండి. ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని, మీ ఊరికి దేని కరువు ఉందో ఆలోచించండి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడ మొదలుపెట్టండి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే మా ఊళ్లో ఆ చోటు నీళ్లే.

నేను షాపు పెట్టిన కొత్తలో రెండు వందల అడుగుల్లో దించిన మోటార్లు మరమ్మతుకు వచ్చేవి. ఇప్పుడు ఆరు వందలు, ఎనిమిది వందల అడుగుల నుంచి పైకి తీసినవి వస్తున్నాయి. వాటిలో చాలావరకు నీళ్లు అందక ఉత్తగా తిరిగి కాలిపోయినవే. లోతు పెరిగితే పోయేది నీళ్లు మాత్రమే కాదు. వెయ్యి లీటర్ల నీటిని 60 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి లెక్క ప్రకారం 0.16 యూనిట్ల కరెంటు చాలు. అవే నీళ్లు 200 మీటర్ల లోతులో ఉంటే 0.54 యూనిట్లు కావాలి. మోటారులోను, పంపులోను, పైపుల్లోను పోయే నష్టం కలుపుకుంటే నా దగ్గరికి వచ్చే మోటార్లలో ఇది సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. అంటే మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకసారి నిండడానికి యూనిట్టు పైగా కరెంటు ఖర్చవుతోంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో రామగిరి గాలిమరలు, ఎన్.పి.కుంట సోలారు పలకలు ఉన్న మాట నిజమే అయినా దేశంలో ఇప్పటికీ ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తోంది. అందువల్ల మా ఊళ్లో ఒక బిందె నీళ్లు ఆదా చేస్తే కొంత బొగ్గు కూడా ఆదా చేసినట్టే.

మా ఇంట్లో నలుగురం ఉంటాం. మూడేళ్ల కిందట వేసవిలో ఒక వారం బకెట్టు పెట్టి కొలిచాను. స్నానాలకు, బట్టలకు ఎక్కువ పోతాయని అనుకున్నాను గాని, నన్ను ఆశ్చర్యపరిచింది తాగే నీళ్లలోని లవణాలు తీసి శుద్ధి చేసే ఆర్వో యంత్రం. పది లీటర్ల మంచినీళ్లు ఇచ్చేసరికి ఇరవై ఎనిమిది లీటర్లను సన్నని గొట్టం గుండా సింకులోకి వదులుతోంది. తాగడానికి, వంటకు రోజుకు ఇరవై లీటర్లు పట్టుకుంటాం కాబట్టి వారానికి దాదాపు నాలుగు వందల లీటర్లు కాలువ పాలవుతున్నాయి. ఆరు వందల అడుగుల లోతు నుంచి కరెంటు పోసి తెచ్చిన నీళ్లవి.

ఆర్వో మానేయమని చెప్పడం తేలిక, కానీ మా జిల్లాలో అది అందరికీ చెప్పదగిన మాట కాదు. ఇక్కడ చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మొదట పళ్ల మీద మచ్చలు వస్తాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలూ కీళ్లూ పట్టేస్తాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆర్వోతో చాలావరకు పోతుంది. బజారులో దొరికే టీడీఎస్ మీటరు నీటిలో మొత్తం లవణాలు ఎంతో చూపిస్తుందే గాని ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పదు. కాబట్టి బోరు నీళ్లు తాగేవాళ్లు ముందు గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి ప్రయోగశాలలో గాని, మరో చోట గాని పరీక్ష చేయించుకోవాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీటికి ఆర్వో అవసరం లేదన్నది పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో తీసుకున్న వైఖరి. మా ఇంటికి వచ్చే కార్పొరేషన్ కొళాయి నీళ్లు మీటరులో మూడు వందల చిల్లర చూపించాయి, పరీక్షలో ఫ్లోరైడ్ కూడా హద్దులోనే ఉందని తేలింది. అప్పటి నుంచి తాగడానికి ఆ నీళ్లనే కాచి వడగట్టుకుంటున్నాం. కొళాయి రాని రోజుల్లో మాత్రమే బోరు నీళ్లు పట్టి ఆర్వో వేస్తాం.

ఆ రోజుల్లో ఆర్వో వదిలే నీళ్లను గొట్టం పొడిగించి ఒక డ్రమ్ములోకి పడుతున్నాం. వాటితో ఇల్లు తుడుస్తాం, బాత్రూములో పోస్తాం, బండి కడుగుతాం. అయితే ఈ విషయంలో నేను చేసిన రెండు పొరపాట్లు మీరు చేయకండి. మొదట ఆ నీళ్లను రోజూ కరివేపాకు చెట్టుకు పోశాను. రెండు నెలలకు ఆకుల అంచులు మాడి చెట్టు ఎండిపోయింది, ఎందుకంటే ఆ నీళ్లలో ఉప్పు చిక్కబడి ఉంటుంది, అదంతా మట్టిలోనే నిలిచిపోతుంది. తర్వాత కూలరులో పోశాను. మా ఊరి పొడి ఎండకు కూలరు చక్కగా పనిచేస్తుంది, ఏసీతో పోలిస్తే కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది. కానీ ఆ నీళ్లతో నెల తిరక్కుండానే వట్టివేళ్ల తడికల మీద తెల్లగా ఉప్పు పేరుకుని గాలి రావడం మానేసింది.

ఇంటికి చేయించిన పనుల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది మిద్దె మీది వాన నీళ్లను సంపులోకి మళ్లించడం. మా మిద్దె వెయ్యి చదరపు అడుగులు ఉంటుంది, అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఏడాది మొత్తం మీద దాని మీద పడే వాన 51,000 లీటర్లు. ఆవిరయ్యేదీ వదిలేసేదీ ఐదో వంతు తీసేసినా నలభై వేల లీటర్లు మిగులుతాయి. రోజుకు నాలుగు వందల లీటర్లు వాడే మా ఇంటికి అవి వంద రోజుల నీళ్లు. ఇంత కరువు సీమలో కూడా ఒక్క మిద్దె ఇన్ని నీళ్లు ఇస్తుందని లెక్క వేసేదాకా నాకే తెలియదు. చేయించిన విధానం ఏమంత కష్టమైనది కాదు. నాలుగు మూలల నుంచి దిగే పైపులను ఒకటిగా కలిపి, రెండు వందల లీటర్ల డ్రమ్ములో కింద కంకర, దాని మీద బొగ్గు, పైన ఇసుక పరిచి, ఆ డ్రమ్ము గుండా సంపులోకి దారి పెట్టాను. మొదటి వానకు మిద్దె మీది దుమ్మూ పిట్టల రెట్టా కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీళ్లను బయటికి వదలడానికి పక్కన ఒక వాల్వు ఉంది. సంపు నిండాక పొర్లేవి బోరు పక్కన ఐదడుగుల లోతున తవ్వి రాళ్లు నింపిన ఇంకుడు గుంతలోకి పోతాయి. కొందరు మిద్దె నీళ్లను నేరుగా బోరు కేసింగ్ పైపులోకే దించుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఎందుకంటే పైన ఉన్న మురికి వడకట్టు లేకుండా భూమిలోని నీళ్లలో కలిసిపోతుంది.

నీళ్ల తర్వాత చెత్తను తూకం వేశాను. వారానికి ఏడు కిలోల పైచిలుకు వచ్చింది. అందులో ఐదు కిలోలు కూరగాయల తొక్కలు, టీ పిప్పి, మిగిలిన అన్నం వంటి తడి చెత్తే. ఏడాదికి రెండు వందల యాభై కిలోలన్నమాట. ఇవి డంపింగ్ యార్డు గుట్టలో గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల కాలం లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచే వాయువు. గాలి తగిలేలా మాగితే అదే చెత్త ఎరువవుతుంది. పాత పెయింటు డబ్బాలకు బెజ్జాలు వేసి మొదలుపెట్టాను. పది రోజులకే పురుగులు పట్టి, వాసన భరించలేక ఇంట్లోవాళ్లు పారేయమన్నారు. అప్పుడు ఊరి నుంచి వచ్చిన మా అమ్మ మూత తీసి చూసింది. "ఏం నాయనా, దిబ్బను డబ్బాలో పెట్టుకున్నావా? పచ్చిదాని మీద పచ్చిది వేస్తే కుళ్లుతుంది గాని ఎరువవుతుందా? పొట్టు వేయి" అంది.

మా ఊళ్లో నా చిన్నతనంలో చెత్తబుట్ట అనే వస్తువే లేదు. గంజి, కడుగునీళ్లు, తొక్కలు కుడితి తొట్టిలోకి పోయి గేదెకు దక్కేవి. పేడ, కసువు, బూడిద దిబ్బకు చేరేవి. ఎండాకాలంలో ఆ దిబ్బను బండ్లకెత్తి చేలకు తోలేవారు. అమ్మ చెప్పింది ఆ దిబ్బ లెక్కే. నూనె మిల్లు దగ్గర బస్తా బుడ్డల పొట్టు, అంటే వేరుశనగ కాయల పైతొక్కు, తెచ్చుకుని, తడి చెత్త ఒక పిడికెడు పడ్డప్పుడల్లా రెండు పిడికెళ్లు పొట్టు వేయడం మొదలుపెట్టాం. నాలుగు రోజుల్లో వాసన పోయింది. మా ఎండలకు డబ్బా త్వరగా ఎండిపోతుంది గనుక బియ్యం కడిగిన నీళ్లు చిలకరిస్తాం. మూడు నెలలకు నల్లటి ఎరువు చేతికి వస్తుంది. మళ్లీ నాటిన కరివేపాకు చెట్టు దాంతోనే పెరుగుతోంది.

పొగ గురించి చెప్పాలంటే ముందు మా షాపు గురించి చెప్పాలి. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ ఊడదీయడానికి చాలా ఏళ్లు మేము కిరసనాయిలు పోసి రోడ్డు పక్కనే మంట పెట్టేవాళ్లం. తీగ మీది ఎనామిల్ పూత, వార్నిష్ కాలి వచ్చే ఆ నల్లటి పొగను నేను, నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు పీల్చాం. పక్క వీధి బడిపిల్లలూ పీల్చారు. ఆ పని చేసినందుకు నేను నిజంగా బాధపడుతున్నాను. ఇప్పుడు చుట్టలను ఒక వైపు ఉలితో కోసి, రెండో వైపు నుంచి లాగేస్తున్నాం. ఒక్కో మోటారుకు అరగంట ఎక్కువ పడుతుంది, అంతే. వీధుల్లో తెల్లవారుజామున ఆకులతో పాటు ప్లాస్టిక్ కవర్లు కాల్చడం కూడా ఇలాంటిదే. బహిరంగంగా చెత్త కాల్చితే ఐదు వేలు, పెద్ద ఎత్తున కాల్చితే ఇరవై ఐదు వేలు జరిమానా అని హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. మా వీధిలో ఆకులు కాల్చే పెద్దాయనతో నేను జరిమానా మాట ఎత్తలేదు. "ఆ ఆకులు నాకు ఇప్పించు పెదనాయనా, డబ్బాలోకి కావాలి" అని అడిగాను. ఇప్పుడు ఆయనే గోతంలో నింపి పంపుతున్నాడు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను (కరెంటు తక్కువ తీసుకునే కొత్తరకం మోటారు ఉన్నది) సుమారు 30 వాట్లే తీసుకుంటుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే చోట నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. అందుకే ఇరవై ఏళ్ల నాటి ఫ్యాన్లు తెచ్చేవారికి వైండింగ్ చేయించవద్దని నేనే చెప్పి పంపిస్తున్నాను. శుభకార్యాలకు మా వీధివాళ్లం కాగితపు గ్లాసులు మానేసి షామియానా షాపులో స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చుకుంటున్నాం, ఎందుకంటే ఆ కాగితపు గ్లాసుల లోపల కూడా ప్లాస్టిక్ పొరే ఉంటుంది.

ఒక్క ఇల్లు మారితే ఊరి నీటిమట్టం పెరుగుతుందని నేను చెప్పలేను. మా ఇంటి నలభై వేల లీటర్లు, రెండు వందల యాభై కిలోలు మాత్రం నేను కొలిచి, లెక్కగట్టి చెబుతున్నవి. మా వరుసలో ఇప్పుడు ఐదు మిద్దెల నీళ్లు సంపుల్లోకి దిగుతున్నాయి, మాది కాక మిగతా నాలుగు ఇళ్లవాళ్లూ మా డ్రమ్ము చూసి చేయించుకున్నవాళ్లే. మీరు కూడా చేయించదలిస్తే మృగశిర కార్తెలోపే మిద్దె ఊడ్చి పైపులు బిగించుకోండి. మాకు పెద్ద వానలు ఉత్తర, హస్త కార్తెల్లోనే పడతాయి, అప్పటికి మేస్త్రీ కోసం తిరుగుతూ ఉంటే ఆ ఏటి నీళ్లు పోయినట్టే.