విండోస్‌లోనే ఉంటూ గ్రెప్, సార్ట్ వాడుకోవాలంటే?

ప్రశ్న: కాలేజీలో లినక్స్ మీద టెక్స్ట్‌లో మాటలు వెతికే గ్రెప్, లైన్లను వరుసలో పెట్టే సార్ట్, కావాల్సిన ముక్కలు తీసే ఆక్ కమాండ్లు బాగా అలవాటయ్యాయి. ఉద్యోగంలో విండోస్ ల్యాప్‌టాప్ ఇచ్చారు. రోజూ పెద్ద పెద్ద లాగ్ ఫైళ్లు చూడాలి. సిగ్విన్ వేసుకోమని ఒకరు, గిట్ బాష్ చాలని ఒకరు, డబ్ల్యూఎస్‌ఎల్ తప్ప మిగతావన్నీ పాతవని ఇంకొకరు అంటున్నారు. మూడూ విండోస్‌లో లినక్స్ కమాండ్లు వాడుకునే దారులేనట. ఏది మంచిది? పైగా కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైండ్ కొడితే "పారామీటర్ ఫార్మాట్ నాట్ కరెక్ట్" అంటోంది. ఎందుకు?

జవాబు: ముందు ఆ ఫైండ్ సంగతి తేల్చేద్దాం. మీరు పిలిచింది ఒకరిని, పలికింది ఇంకొకరు. విండోస్‌కు డాస్ కాలం నుంచీ తనదైన ఫైండ్ ఉంది. అది ఫైళ్లను వెతకదు, ఫైలు లోపల మాటల్ని వెతుకుతుంది. వెతకాల్సిన మాటను డబుల్ కోట్స్‌లో ఇవ్వకపోతే మీకొచ్చిన ఎర్రరే ఇస్తుంది. సార్ట్‌తోనూ ఇదే తంటా. పవర్‌షెల్‌లో సార్ట్ అంటే మళ్లీ వేరే కమాండ్. అందుకే గ్రెప్ లాంటి యునిక్స్ టూల్స్‌ను వాటి సొంత షెల్ (కమాండ్లు కొట్టే చోటు) లోపలే వాడండి. అనుమానం వస్తే అక్కడ "విచ్ ఫైండ్" అని కొట్టండి, ఏ ఫోల్డర్‌లోని ఫైండ్ పలుకుతోందో చెబుతుంది.

ఇక ఏది మంచిదంటారా? మీ ఫైళ్లు ఎక్కడున్నాయో చెబితే నేను జవాబు చెబుతాను. మిగతా వాదనలన్నీ ఆ తర్వాతే.

లాగ్‌లు సి డ్రైవ్‌లో ఉంటే గిట్ బాష్ చాలు. కోడ్‌లో మార్పుల్ని భద్రపరిచే గిట్ సాఫ్ట్‌వేర్‌కు విండోస్ వెర్షనైన గిట్ ఫర్ విండోస్‌తో పాటే వస్తుంది. గ్రెప్, సెడ్, ఆక్, సార్ట్, యూనిక్, లెస్ అన్నీ అందులో ఉంటాయి. అవి మామూలు విండోస్ ప్రోగ్రాములే కాబట్టి సి డ్రైవ్‌ను నేరుగా చదువుతాయి. అడ్మిన్ హక్కులు లేని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా పోర్టబుల్ కాపీ నడుస్తుంది, మీ ఆఫీసు రూల్స్ ఒప్పుకుంటేనే సుమా. సిగ్విన్ 1995 నుంచీ ఉంది, దానిలో దొరికే ప్యాకేజీలు చాలా ఎక్కువ. గిట్ బాష్‌లో లేని టూల్ ఏదైనా కావాలంటే అటు వెళ్లండి.

డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) కథ వేరు. 2016లో వచ్చిన మొదటి వెర్షన్ లినక్స్ సిస్టమ్ కాల్స్‌ను (ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే పనుల్ని) విండోస్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్పేది. రెండో వెర్షన్‌లో చిన్న వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటిది) లోపల లినక్స్‌కు గుండెకాయ లాంటి అసలు కెర్నలే నడుస్తుంది. లినక్స్ సర్వర్ మీద నడిచే ప్రోగ్రాములు రాస్తుంటే దీన్ని మించింది లేదు. కానీ అందులోంచి సి డ్రైవ్‌లోని ఫైళ్లను ముట్టుకున్న ప్రతిసారీ రెండు సిస్టమ్‌ల మధ్య గోడ దాటాలి. వేల కొద్దీ చిన్న ఫైళ్లున్న ఫోల్డర్‌లో గ్రెప్ కొట్టి చూడండి, ఆ నత్తనడక మీకే తెలుస్తుంది. "డబ్ల్యూఎస్‌ఎల్ స్లో" అని తిట్టుకునేవాళ్లలో చాలామంది చేసేది ఇదే. ప్రాజెక్టును లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటే ఆ గొడవ ఉండదు. అక్కడినుంచి "ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్‌ఈ" అని, ఒక స్పేస్, ఒక చుక్క కొడితే అదే ఫోల్డర్ విండోస్ కిటికీలో తెరుచుకుంటుంది.

నాకు బాగా నచ్చిన చిట్కా ఒకటి: గ్రెప్ ఫలితాన్ని పైప్ (| గుర్తు) పెట్టి "క్లిప్ డాట్ ఈఎక్స్‌ఈ"కి పంపితే అది నేరుగా క్లిప్‌బోర్డ్‌లోకి వెళ్తుంది, మెయిల్‌లో పేస్ట్ చేసేయొచ్చు. తెలుగు అక్షరాలుంటే మాత్రం గజిబిజి అయిపోతాయి, జాగ్రత్త.

ప్రశ్న: నోట్‌ప్యాడ్‌లో రాసిన బాష్ స్క్రిప్ట్ డబ్ల్యూఎస్‌ఎల్‌లో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటోంది. బాష్ ఉంది కదా!

జవాబు: లినక్స్ షెల్ అయిన బాష్ ఉంది. విండోస్ ప్రతి లైను చివరా రెండు క్యారెక్టర్లు పెడుతుంది, లినక్స్‌కు కావాల్సింది ఒకటే. ఆ ఎక్కువైన క్యారెక్టర్ మొదటి లైనులో బాష్ పేరుకు అంటుకుంది, అలాంటి పేరుతో ప్రోగ్రాము ఎక్కడుంటుంది? ఆ ఫైలును ఒకసారి "డాస్2యూనిక్స్"కి ఇవ్వండి, అది లైను చివర్లు సరిచేస్తుంది. ఎడిటర్‌లో లైను చివర్లను ఎల్‌ఎఫ్ (లినక్స్ పద్ధతి) అని మార్చి సేవ్ చేసినా చాలు. స్క్రిప్ట్ గిట్ నుంచి దిగిందైతే గిట్ ఫర్ విండోస్‌లో లైను చివర్లను విండోస్ పద్ధతికి మార్చే ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగ్ చూడండి. అది ట్రూ అని ఉంటే మీరు ఎన్నిసార్లు సరిచేసినా, కొత్తగా క్లోన్ చేసిన ప్రతిసారీ ఆ క్యారెక్టర్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది.