40 రోజులా, 46 రోజులా: మా నాయనమ్మ గోడమీది బొగ్గు గీతలు

ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: "భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తున్నాయి, మరి 40 రోజుల శ్రమకాలం అని ఎందుకు అంటారు? అసలు బైబిలులో లేని ఈ సంఘ క్యాలెండరును పాటిస్తే శిష్యత్వంలో ఎదుగుతామా?"

శ్రమకాలమంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం, భస్మ బుధవారం దాని మొదటి రోజు. లెక్క సంగతి సులభమే. నడుమ వచ్చే 6 ఆదివారాలను తీసేస్తే 40 మిగులుతాయి. ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే కనుక దానిని ఉపవాస దినాలలో చేర్చరు. ఈ విషయం నాకు ఏ వేదాంత పాఠశాలలోనూ తెలియలేదు. డోర్నకల్ అధ్యక్ష మండలంలోని, అంటే డోర్నకల్ బిషప్ కింద ఉండే ప్రాంతంలోని, ఒక పల్లెలో, అక్షరం ముక్క రాని మా నాయనమ్మ వంటింటి గోడమీద చూశాను.

శ్రమకాలం వచ్చిందంటే ఆమె రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న గురిగిలో వేసి, బొగ్గు ముక్కతో గోడమీద ఒక గీత గీసేది. మొదట 4 గీతలు, కొంత ఖాళీ, ఆపైన ఆరేసి గీతల చొప్పున 6 వరుసలు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన ముగిశాక ఆ గురిగిని చర్చికి మోసుకుపోయి కానుకగా కుమ్మరించేది. అది మిరప ఏరే కాలం. కూలికి పోతేనే ఇంట్లో పొయ్యి వెలిగేది కనుక ఆ పిడికెడు ఎవరో ఒకరి కంచంలో తగ్గేదే తప్ప ఊరికే వచ్చేది కాదు.

నాకు తొమ్మిదేళ్ల వయసులో, దోసెడు బియ్యానికి ఒక పుల్ల ఐసు ఇచ్చే సైకిలు అతను మా వాడకు రావడం మొదలుపెట్టాడు. ఆ గురిగిలోంచి నేను రెండుసార్లు బియ్యం తీశాను. ఒక శనివారం సాయంత్రం నాయనమ్మకు ఏం అనుమానం వచ్చిందో, గురిగిని చాటలో బోర్లించి, ఒక్కొక్క పిడికిలి కొలుస్తూ తిరిగి అందులో పోసింది. గోడమీద గీతలు 16, పిడికిళ్లు 12. కొడుతుందని గడప దాకా పరుగెత్తిన నన్ను పిలిచి, "దేవుని బియ్యం తిన్నవు గదా బిడ్డా, ఇగ నీ బువ్వలకెల్లి పెట్టు" అని మాత్రం అన్నది. నా పిడికిలిని తన పిడికిలి పక్కన పెట్టి చూసి, నావి రెండైతే తనది ఒకటవుతుందని తేల్చింది. అంటే 8 రోజుల అప్పు.

మరునాడు ఉదయమే బియ్యం డబ్బా ముందు కూర్చుని మొదటి పిడికిలి తీయబోతే ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. "ఇయ్యాల ఆదివారం. ఇయ్యాల అప్పు కట్టేది లేదు." ఆ పూట నా కంచంలో నిండుగా అన్నం పెట్టింది, సోమవారం రాత్రి నుంచి మాత్రం పిడికెడు తక్కువే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. క్యాలెండరు బైబిలులో ఉందా అని అడిగేవారందరూ బల్లమీద బైబిలు ఉన్నవారేనని నా గట్టి నమ్మకం. మా ప్రాంతంలో సంఘం పెరిగింది చదువు దక్కనివ్వని మాల, మాదిగ వాడలలో. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులైన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, బాప్తిస్మం పొందినవారి చేత తల మీద చేయి పెట్టించి, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అనే, బైబిలులోని పౌలు మాటను పలికించేవారు. పుస్తకం పట్టలేని వారికి చేయి, నోరు, పొయ్యి, పండుగ ఇవే పాఠాలు. కమలం, అరటిపువ్వు చెక్కిన స్తంభాలతో అజరయ్యగారు కట్టించిన డోర్నకల్ కథెడ్రల్‌ను 1939 జనవరి 6న, జ్ఞానులు బాలయేసును దర్శించినదాన్ని తలచుకునే ప్రత్యక్షత పండుగనాడే ప్రతిష్ఠించారు. మెదక్ చర్చిని అంతకుముందు 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. పునాది రాళ్లు ఎత్తినవారికి ఆ తేదీలు ఎందుకో ఎవరూ వివరించవలసిన పని లేకపోయిందని నేను అనుకుంటాను.

పట్నంలో ఇప్పుడు నేను వెళ్లే సంఘంలో సంగతి వేరు. క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలపు 4 ఆదివారాలూ కనిపెట్టుకుని ఉండవలసిన రోజులు. కాని నవంబరు చివరినుంచే ఆఫీసులో ఒకటి, అపార్టుమెంటులో ఒకటి, స్త్రీల మైత్రిలో ఒకటి అంటూ సెమీ క్రిస్మస్‌లు, అంటే పండుగకు ముందే చేసుకునే క్రిస్మస్ వేడుకలు, మొదలవుతాయి. డిసెంబరు 25 నాటికి కేకు ముఖం చూడాలనిపించదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనతో స్టార్లు దింపేసి, ప్రత్యక్షత పండుగ వచ్చిందో పోయిందో ఎరగనివారే ఎక్కువ. కనిపెట్టడం చేతకానివాడు శిష్యుడెలా అవుతాడో నాకు బోధపడదు.

దినములను, కాలములను ఆచరిస్తున్నారని పౌలు గలతీయులను మందలించాడని మీరు అనవచ్చు. అక్కడ ఆయన తప్పుపట్టింది ఆచారంతో రక్షణ సంపాదించుకోవచ్చని అనుకోవడాన్ని. మా నాయనమ్మకు ఆ భ్రమ లేదు. ఉంటే ఆదివారంనాడు కూడా నా చేత కట్టించుకునేది.

నా అప్పు ఆ మరుసటి వారం మంగళవారం రాత్రికి తీరింది. క్రిస్మసుకు ఇంటికి సున్నం వేసినప్పుడు ఆ ఏటి గీతలు పోయాయి, మళ్లీ భస్మ బుధవారంనాడు ఆమె మొదటి గీత గీస్తుంటే బొగ్గు ముక్క నేనే అందించాను.