వైరస్ సోకని నాడీకణం ఎందుకు దెబ్బతింటుంది?

ప్రశ్న: మా తమ్ముడు ఆరేళ్లుగా హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడుతున్నాడు. రక్తపరీక్షలో వైరస్ కనబడటం లేదన్నారు. అయినా ఈమధ్య చెప్పిన పనులు మరచిపోతున్నాడు, లెక్కల్లో తడబడుతున్నాడు. నాడీకణాలకు హెచ్‌ఐవీ సోకదని చదివాను. మరి మెదడుకు హాని ఎలా జరుగుతుంది?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివినది నిజమే. హెచ్‌ఐవీ ప్రధానంగా సీడీ4 అనే గ్రాహకం (కణం పైపొర మీద ఉండి, బయటి పదార్థాలు అతుక్కునే ప్రొటీన్) ఉన్న కణాల్లోకే చొరబడుతుంది. నాడీకణాలకు ఆ గ్రాహకం లేదు. అయితే వైరస్ సోకిన కొన్ని తెల్లరక్తకణాలు తొలి వారాల్లోనే మెదడుకు చేరతాయి. అక్కడ రక్తనాళాల చుట్టూ ఉండే మాక్రోఫేజ్‌లకు (క్రిములను మింగేసే రక్షకకణాలకు), మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలకు వైరస్ సోకుతుంది. నాడీకణానికి ముప్పు ఈ ఇరుగుపొరుగు కణాలు వెలువరించే ప్రొటీన్ల నుంచే వస్తుంది.

వాటిలో ముఖ్యమైనవి రెండు. వైరస్ పైపొరలోని జీపీ120 అనే ప్రొటీన్ నాడీకణం మీది వేరే గ్రాహకాలకు అతుక్కుంటుంది. వైరస్ జన్యువుల నకళ్లు వేగంగా తయారయ్యేలా చేసే టాట్ అనే చిన్న ప్రొటీన్ సోకిన కణం నుంచి బయటికి వచ్చి, పక్కనున్న కణాల్లోకి కూడా ప్రవేశించగలదు. ఈ రెండింటి ప్రభావంతో, నాడీకణాల మధ్య సంకేతాలు మోసే గ్లూటమేట్ అనే రసాయనం అందినప్పుడు తెరుచుకోవలసిన ఎన్‌ఎండీఏ గ్రాహకాలు అతిగా పనిచేసి, నాడీకణంలోకి కాల్షియం మోతాదుకు మించి చేరుతుంది. దానితో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిని, కణపు కొమ్మలు, వాటి మధ్యనున్న అనుసంధానాలు క్షీణిస్తాయి. కణం చనిపోకముందే జ్ఞాపకం, చురుకుదనం తగ్గడానికి ఈ అనుసంధానాల నష్టమే ముఖ్య కారణం. 1994లో వెలువడిన ఒక పరిశోధనలో వైరస్ ఏమీ లేకుండా కేవలం జీపీ120 జన్యువును ఎలుకల మెదడులో పనిచేసేలా చేసినప్పుడు, రోగుల మెదడులో కనిపించే మార్పుల వంటివే కనిపించాయి. ప్రొటీన్ ఒక్కటే ఇంత హాని చేయగలదనడానికి అంతకన్నా బలమైన ఆధారం నాకు తోచదు.

మనం వాడే మందులు వైరస్ కొత్త కణాలకు వ్యాపించకుండా ఆపుతాయి గానీ, ఇప్పటికే కణం జన్యువుల్లో కలిసిపోయిన వైరస్ నుంచి టాట్ తయారవడాన్ని నేరుగా ఆపవు. అందుకే రక్తంలో వైరస్ కనబడకపోయినా కొందరిలో స్వల్ప మతిమరుపు మిగులుతుంది. మన దేశంలో ఎక్కువగా ఉన్న సి రకం వైరస్‌లో టాట్ నిర్మాణం కొంత భిన్నంగా ఉండటం వల్ల దాని విషప్రభావం తక్కువని ప్రయోగశాల పరిశోధనలు సూచిస్తున్నాయి. అలాగని సి రకం సోకినవారికి ఈ ఇబ్బంది రాదని అనుకోకూడదు.

ఇంతమాత్రాన మీ తమ్ముడి మరపుకు ఇదే కారణమని నిర్ణయించుకోవద్దు. బి12 లోపం, థైరాయిడ్, మానసిక కుంగుబాటు, మెదడుకు సంబంధించిన ఇతర ఇన్‌ఫెక్షన్లు, హెచ్‌ఐవీకి వాడే ఎఫావిరెంజ్ వంటి మందుల ప్రభావం కూడా ఇలాగే కనిపించవచ్చు, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. మందులు ఒక్కపూట కూడా మానకుండా, ఈ లక్షణాలను ఏఆర్‌టీ కేంద్రంలోని వైద్యునికి వివరంగా చెప్పండి. ఏ మార్పు ఎప్పటి నుంచి గమనించారో మీరే రాసి తీసుకువెళ్లండి, ఎందుకంటే మరచిపోతున్న మనిషి అవన్నీ తానుగా గుర్తుపెట్టుకుని చెప్పడం కష్టం.