పాఠకుల ప్రశ్నలు: ఆట మానేశాక ఎవానీ

ప్రశ్న: 1994 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్లో ఇటలీకి ఆడిన అల్బెరీగో ఎవానీ తరువాత ఏం చేశారు?

జవాబు: యూరప్, దక్షిణ అమెరికా చాంపియన్ క్లబ్బులు తలపడే ఇంటర్‌కాంటినెంటల్ కప్ 1989 ఫైనల్లో, అదనపు సమయం ముగియవస్తుండగా ఫ్రీకిక్‌తో ఏకైక గోల్ చేసి ఇటలీ క్లబ్బు మిలాన్‌ను గెలిపించిన ఈ మిడ్‌ఫీల్డర్, ఆట విరమించాక అదే క్లబ్బులో కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, ఆపైన ఇటలీ యువ జాతీయ జట్ల బాధ్యత చేపట్టారు. 2017లో దక్షిణ కొరియాలో జరిగిన అండర్-20 ప్రపంచ కప్‌లో ఆయన జట్టు సెమీఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో 1-3తో ఓడినా కుంగిపోక, ఉరుగ్వేను పెనాల్టీలలో ఓడించి మూడో స్థానం దక్కించుకుంది. టోర్నీలో అత్యధికంగా 5 గోల్స్ చేసిన ఓర్సోలీనీ ఆ జట్టువాడే. సహచరులు బరేసీ, మస్సారో, బాజో విఫలమైన 1994 ఫైనల్ షూటౌట్‌లో తన పెనాల్టీని గోల్‌గా మలచిన ఎవానీకి ఆ ఒత్తిడి ఎలాంటిదో స్వయంగా తెలుసు. కుర్రాళ్లకు అంతకు మించిన గురువు దొరకడం కష్టమని మా అభిప్రాయం.