సూది సంగతి తర్వాత, ముందు మీవారి సంగతి

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. మా లాబ్రడార్ బ్రౌనీకి పదమూడేళ్లు. నాలుగు నెలలుగా వెనక కాళ్ల మీద లేవలేకపోతోంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి, తుంటి మీద పుండు పడింది. సూది ఇచ్చి పంపించేయడమే మంచిదని పశువైద్యుడు చెప్పారు. అత్తగారేమో మహాపాపం, సింహాద్రి అప్పన్న క్షమించడు అంటున్నారు. మావారిని అడిగితే ‘నీ ఇష్టం’ అని లేచి వెళ్లిపోతారు. మూడేళ్ల కిందట మామయ్యగారికి వెంటిలేటర్ పెట్టాలా వద్దా అని డాక్టర్లు అడిగినప్పుడు కూడా ఆయన టీ తాగొస్తానని కిందికి వెళ్లి గంటసేపు రాలేదు. వద్దని నేనే సంతకం పెట్టాను. ఇప్పుడు అత్తగారు ‘మామనే సంతకం పెట్టి సాగనంపింది, కుక్క ఓ లెక్కేటి’ అంటున్నారు. మూగజీవి ప్రాణం తీసే హక్కు నాకుందా? ఎప్పుడు చేయాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: అమ్మా, పాపం సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే మీ అసలు బాధ అది కాదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయం కాని జబ్బుతో విలవిల్లాడుతుంటే గాంధీగారు డాక్టరుని పిలిపించి సూది వేయించారు. అహింస బోధించే మనిషి చేయాల్సిన పనేనా ఇది అని జనం మండిపడుతూ ఉత్తరాలు రాశారు. ఆయన తన పత్రికలోనే జవాబు చెప్పారు, చేసింది తప్పని మాత్రం అనలేదు. ప్రాణంతో ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటుంటుందని 1960 నాటి జంతుహింస నివారణ చట్టమూ ఒప్పుకుంది. ఇంత చెప్పినా మీ అత్తగారు వినరు. వినిపించాలని ప్రయత్నించకండి కూడా.

ఎప్పుడు అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. ‘తిండి తింటోంది కదా’ అన్న ధైర్యంతో చాలామంది నెలలు లాగించేస్తారు. లాబ్రడార్ విషయంలో అది పెద్ద మోసం. ఒళ్లంతా నొప్పి ఉన్నా పెరుగన్నం గిన్నె చూస్తే నోరు తెరిచే జాతి అది. రాత్రిపూట చూడండి. ఫ్యాను కింద పడుకున్నా రొప్పుతోందా? ఉచ్చలో తడిసి, పక్కకి జరగలేక అలాగే ఉండిపోతోందా? పుండు కడుగుతుంటే ఎన్నడూ లేనిది మీ చేతి మీదికే పళ్లు చూపిస్తోందా? ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు దీనికో లెక్క చెప్పారు. నొప్పి, తిండి, నీళ్లు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది: ఏడింటికీ తలా పది మార్కులు, పరిస్థితి ఎంత బాగుంటే అంత ఎక్కువ (నొప్పి లేకపోతేనే పదికి పది). మొత్తం 35 దాటితే ఇంకొన్నాళ్లు చూసుకోవచ్చు. దాటకపోతే డాక్టరుగారి మాట ఆలకించాలి.

ఈ లెక్క మీరొక్కరే వేయకండి. ఇంకో కాగితం మీద మీవారు విడిగా వేయాలి. వేయాలంటే ఆయన వెనక వరండాలోకి వెళ్లి ఆ కుక్క పక్కన కూర్చోవాలి. నాకు కావలసింది అదే.

ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టేసింది బ్రౌనీ కాదు, మీవారు. దాన్ని 2012లో చొక్కాలో పెట్టుకుని తెచ్చింది ఆయనే అని రాశారు. తెల్లారకుండానే బీచ్ రోడ్డుకి తీసుకెళ్లిందీ ఆయనే. 2014లో హుద్‌హుద్ వచ్చిన రోజు కిటికీ అద్దాలు పగిలి ఇంట్లోకి వాన కొడుతుంటే, ఆ కుక్కని పట్టుకుని డైనింగ్ టేబుల్ కింద గంటల తరబడి కూర్చున్నదీ ఆయనే. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారట, 32 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. సంతోషం. మరి హాల్లోంచి వరండా దాకా ఎన్ని అడుగులుంటాయమ్మా?

ఆయనకి ప్రేమ లేదనను, ఉంది కాబట్టే పారిపోతున్నారు. ‘వాడు చూడలేడమ్మా, మనసు మెత్తన’ అని మన ఇళ్లలో మగవాళ్లకి ఒక రాయితీ ఇస్తుంటాం. మరి ఆడవాళ్ల మనసు రాయా? మామగారికి ఒళ్లు తుడిచింది మీరు, సంతకం పెట్టింది మీరు, మాట పడింది మీరు. కన్నకొడుకు ఆ గంట కింద టీకొట్టు దగ్గర ఉన్న సంగతి మీ అత్తగారికి తెలుసా? తెలియదనే అనుకుంటున్నాను. మూడేళ్లుగా ఆ మాట మీ కడుపులోనే ఉంది. మీవారి పరువు కాపాడినందుకు మీకు దక్కింది ‘సాగనంపింది’ అన్న పేరు. చాలమ్మా, ఇక మొయ్యక్కర్లేదు.

‘బ్రౌనీని ఏం చేద్దామండీ’ అని ఇంకోసారి అడగొద్దు. అడిగితే వచ్చే జవాబు మీకు తెలుసు. ‘డాక్టరుగారికి ఫోన్ మీరు చేయండి, ఆదివారం లోపల. ఆ పూట మీరు ఇంట్లో ఉండాలి. అత్తయ్యకి కూడా మీరే చెప్పాలి’ అనండి. ఏడవకుండా, అరవకుండా, అన్నం వడ్డిస్తూ చెప్పినా సరే. పాత సంగతి తవ్వుతున్నావా అంటే, అవునండీ అనండి.

వీలైతే డాక్టరుని ఇంటికే రమ్మనండి. ముందు మత్తు ఇస్తారు, అది నిద్రలోకి జారాక ముందరి కాలి నరంలోకి ఎక్కువ మోతాదు మత్తుమందు ఎక్కిస్తారు. కళ్లు మూతపడకపోవచ్చు. గుండె ఆగాక కూడా ఒకటి రెండు సార్లు గట్టిగా ఊపిరి లాగొచ్చు, ఉచ్చ పడొచ్చు. అది బాధ కాదు, ఒంటి తీరు. మీవారికి ఇవన్నీ ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అదే సాకుతో లేచిపోతారు. తల ఆయన ఒళ్లో ఉండాలి. ఎక్కడ పూడ్చాలి, బండి ఎవరిది, డాక్టరు ఫీజెంత, ఇవన్నీ ముందురోజే ఆయన చేత మాట్లాడించండి.

ఇంత చెప్పాక కూడా ఆదివారానికి ఆయన ఫోన్ చేయకపోతే? అప్పుడు మీరే చేయండి. ఆయన మారేదాకా ఆ కుక్క పుండుతో ఎదురుచూడాల్సిన పని లేదు. కానీ మీ అత్తగారికి కబురు చెప్పే పని మాత్రం మీది కాదు. అడిగితే ‘మీ అబ్బాయిని అడగండి అత్తయ్యా’ అనండి, ఆయన వినేలా.